పద్నాలుగు బ్రాండ్ల చెప్పులు, పిల్లల బట్టలు ఆన్‌లైన్‌లో పెట్టాలంటే: ముందు మీ సొంత పట్టిక, తర్వాతే సాఫ్ట్‌వేర్

మీరు అడిగింది ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో మీ నాన్నగారి షాపు. చెప్పులు, బూట్లు, స్కూల్ బ్యాగులు, పిల్లల రెడీమేడ్ బట్టలు అన్నీ కలిపి పద్నాలుగు బ్రాండ్లు, నాలుగు వేల జతలు. రెండు సైట్లలో అమ్ముతున్నారు, మూడోది మొదలుపెట్టబోతున్నారు. ఒక్కో కంపెనీ ఒక్కో రకం ఎక్సెల్ పంపుతోంది, ఒకే జత రెండు చోట్ల ఆర్డరై ఒకటి క్యాన్సిల్ చేయాల్సి వస్తోంది, సైజు తేడా అని రిటర్నులు వస్తున్నాయి, ఏ సాఫ్ట్‌వేర్ కొంటే ఇదంతా సర్దుకుంటుందని మీ ప్రశ్న.

ఇప్పుడే ఏదీ కొనకండి. మీ సరుకుకి మీరు పెట్టుకున్న నంబరంటూ ఒకటి లేనప్పుడు, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఇప్పుడున్న గందరగోళాన్నే ఇంకా వేగంగా మూడు సైట్లకీ పంచుతుంది, అంతే. నేను విజయవాడ బీసెంట్ రోడ్డులో మా బాబాయి చెప్పుల షాపులో కూర్చుని ఈ పని నేర్చుకున్నాను, పదేళ్లుగా వన్‌టౌన్, గవర్నర్‌పేట, తెనాలి షాపులకి క్యాటలాగ్ పని చేసి పెడుతున్నాను. దాదాపు ప్రతి చోటా జబ్బు ఒక్కటే, కంపెనీ తన మోడల్‌కి ఇచ్చిన ఆర్టికల్ నంబరే మన నంబరు అనుకోవడం.

ఆర్టికల్ నంబరు కంపెనీది, మనది కాదు. మీ పద్నాలుగు బ్రాండ్లు వెతకండి, ఏ ఇద్దరికో 1001 అనో 2005 అనో ఒకే ఆర్టికల్ దొరుకుతుంది. కొందరు రెండేళ్ల తర్వాత పాత నంబరునే కొత్త మోడల్ మీద వేస్తారు, మాకు ఒక లోకల్ బ్రాండుతో అలాగే అయింది, పాత శాండిల్ ఫొటో కింద కొత్త బూటు స్టాక్ చేరిపోయింది. బార్‌కోడ్‌ని నమ్ముకుందామంటే చిన్న కంపెనీల డబ్బాల మీద అది ఉండనే ఉండదు. అమెజాన్ ఇచ్చే ఆసిన్, ఫ్లిప్‌కార్ట్ ఇచ్చే ఎఫ్ఎస్ఎన్ ఆయా సైట్ల లెక్కలు, రేపు ఆ లిస్టింగ్ పోతే ఆ నంబరూ పోతుంది. మీ మిర్చి యార్డు మీకు తెలియనిది కాదు, ఏ రైతు ఎక్కడి నుంచి తెచ్చినా యార్డులో ఆ టిక్కీలకి (బస్తాలకి) ఒక లాట్ నంబరు పడుతుంది, తేజ వేరు, 341 వేరు, 334 వేరు, అన్నీ కలిపి ఎర్ర మిర్చి అని ఎవరూ ధర కట్టరు. మీ గోడౌన్‌లోకి వచ్చే ప్రతి జతకీ అలాగే మీ లాట్ నంబరు పడాలి.

ఆ కోడ్ ఎలా కట్టాలంటే, మూడక్షరాల బ్రాండు గుర్తు, తర్వాత నాలుగంకెల వరుస సంఖ్య, తర్వాత రెండక్షరాల రంగు, చివర సైజు. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే పెట్టండి, మధ్యలో ఖాళీ వదలకండి, అన్ని సైట్లూ అది ఒప్పుకుంటాయి. ఓ అక్షరం, సున్నా ఒకేలా కనిపిస్తాయి, ఐ అక్షరం, ఒకటీ అంతే, అందుకని రంగు గుర్తుల్లో ఓ, ఐ రాకుండా చూసుకోండి. ధర, ర్యాకు నంబరు, డీలరు పేరు మాత్రం కోడ్‌లో పెట్టొద్దు, అవి మూడూ మారేవే, మారిన రోజు కోడ్ అబద్ధం చెప్తుంది. మోడల్ ఆగిపోయినా దాని కోడ్ ఇంకోదానికి ఇవ్వకండి. ఏడాది తర్వాత వచ్చే రిటర్నుకో, ఆడిటర్ అడిగే పాత బిల్లుకో అది అలాగే ఉండాలి.

ఇక పట్టిక. చాలామంది ఒకే షీట్‌లో జతకో వరస చొప్పున అన్నీ రాసేస్తారు. ఆరు రంగులు, ఏడు సైజులు ఉన్న ఒక్క బూటుకి నలభై రెండు వరసలు, ప్రతి వరసలో అదే మెటీరియల్, అదే సోల్, అదే వివరణ మళ్లీ మళ్లీ. ఒకచోట దిద్దితే నలభై ఒక్క చోట్ల పాతదే ఉంటుంది. దీన్ని మూడు షీట్లు చేయండి. మొదటిది ఆర్టికల్ షీటు, అందులో రంగు మారినా సైజు మారినా మారనివి: బ్రాండు, రకం, ఎవరికి, అప్పర్ (పాదం మీద కప్పే పైభాగం) దేంతో చేశారు, సోల్ దేంతో చేశారు, లేసా వెల్‌క్రోనా బకిలా, తయారీదారు చిరునామా, ఏ దేశంలో తయారైంది. రెండోది రంగు షీటు: రంగు పేరు, ఫొటోలు. మూడోది జత షీటు: సైజు, బార్‌కోడ్, ఎమ్మార్పీ, అమ్మే ధర, డబ్బాతో కలిపి బరువు, స్టాకు. ఎమ్మార్పీని ఆర్టికల్ షీట్‌లో పెడదామనిపిస్తుంది, పెట్టకండి. పిల్లల స్కూల్ షూస్‌లో సైజు పెరిగే కొద్దీ రేటు మెట్లుమెట్లుగా పెరుగుతుంది, అది మీకు కౌంటర్లో రోజూ కనిపించేదే. అమెజాన్‌లో పేరెంట్, చైల్డ్ అనే ఏర్పాటు కూడా ఇదే ఆలోచన, పైన మోడల్, కింద సైజులూ రంగులూ. మీ షీట్లు ఇలా ఉంటే వాళ్ల ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు.

మీ రిటర్నుల్లో ఎక్కువ భాగం సైజు దగ్గరే పుడుతున్నాయని నా నమ్మకం, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. 8 అని రాస్తే అది సైజు కాదండీ, ఉత్త అంకె. యూకే 8 అనే బూటు అడిడాస్ చార్టులో యూరప్ సైజు 42, నైకీ చార్టులో 42.5. కంపెనీ పంపిన ఎక్సెల్‌లో ఒకరు యూకే ఇస్తారు, ఒకరు యూరప్ ఇస్తారు, మన లోకల్ కంపెనీ ఉత్తి అంకె ఇస్తుంది. ఇంకో చిక్కు పిల్లల సైజులది. యూకే పద్ధతిలో పిల్లల సైజు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. అంటే మూడు నాలుగేళ్ల పిల్లవాడి 8 ఉంది, వాళ్ల నాన్న 8 కూడా ఉంది. మగవాళ్ల 8 ఆర్డర్ చేసిన మనిషికి అరచేతిలో పట్టేంత బూటు వెళ్లడం నేను కళ్లారా చూశాను, డబ్బా మీద అంకె సరిగ్గానే ఉంది, షీట్‌లోనూ సరిగ్గానే ఉంది, ఎవరి 8 అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఆ మనిషి అన్నగారి పెళ్లికి వేసుకుందామని తెప్పించుకున్నాడట, ఫోన్లో ఆయన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచీ సైజుని నాలుగు గడులు చేశాను: ఎవరికి, ఏ పద్ధతి, కంపెనీ రాసిన అంకె, పాదం పొడవు సెంటీమీటర్లలో. నాలుగో గడి ఒక్కటి నింపడానికే కష్టపడాలి. కంపెనీ చార్టులో పాదం పొడవు ఇస్తే అది తీసుకోండి. ఇవ్వకపోతే ఇన్‌సోల్ బయటికి తీసి స్టీలు స్కేలు పక్కన పెట్టి కొలిచి, అది ఇన్‌సోల్ పొడవు అని స్పష్టంగా రాయండి, పాదం దానికంటే కొంచెం తక్కువే ఉంటుంది కాబట్టి రెంటినీ కలపకూడదు. ప్రతి జతా కొలవక్కర్లేదు, మోడల్‌కి సైజుకి ఒక్కటి చాలు. మా కుర్రాడు రోజుకి ముప్పై నలభై కొలిచేవాడు. ఆ కొలత లిస్టింగ్‌లో పెట్టిన బ్రాండ్లలో సైజు రిటర్నులు కళ్లకి కనిపించేంతగా తగ్గాయి.

పిల్లల బట్టల్లో సైజుకి ఇంకో గండం ఉంది, అది ఎక్సెల్‌తో. 6-8 ఏళ్లు అని చెప్పడానికి గడిలో 6-8 అని కొట్టి ఎంటర్ నొక్కగానే అది ఆగస్టు 6 అయి కూర్చుంటుంది. 2-3 కొడితే మార్చి 2. ఒకసారి తేదీగా మారిపోయాక ఆ గడిని మళ్లీ టెక్స్ట్ చేస్తే 6-8 తిరిగి రాదు, ఏదో అయిదంకెల సంఖ్య వస్తుంది. అందుకని ముందు ఆ నిలువు గడులన్నీ టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే టైపు చేయాలి. నేనైతే 6-8 అని రాయడమే మానేసి, 6 టు 8 అని మాటల్లో రాయిస్తాను.

బార్‌కోడ్ సంగతి దీనికంటే ప్రమాదం. ఒక సీజన్లో, జూన్‌లో బడులు తెరిచేలోపు పెట్టేయాలన్న టెన్షన్‌లో, ఒక కంపెనీ పంపిన సీఎస్‌వీ ఫైలుని (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ పట్టికని) నేను డబుల్ క్లిక్ చేసి తెరిచాను. పదమూడంకెల బార్‌కోడ్‌లన్నీ 8.90123ఈ+12 లాగా కనిపించాయి. కనిపించడం వరకే కదా, లోపల అంకెలు ఉంటాయిలే అనుకుని రెండు ధరలు దిద్ది సేవ్ చేశాను. సీఎస్‌వీలో సేవ్ అయ్యేది కంటికి కనిపించేదే. మళ్లీ తెరిస్తే ప్రతి బార్‌కోడూ 8901230000000. 890 అనేది జీఎస్1 ఇండియా వాళ్లిచ్చే నంబర్ల మొదలు, దాని వెనక అంకెలు కంపెనీవి, చివర్లో వచ్చేవే ఏ వస్తువో చెప్పేవి, మాకు పోయింది ఆ చివరి భాగమే. అంటే ఆ కంపెనీ బూట్లన్నిటికీ ఒకటే బార్‌కోడ్ అయింది. మా బిల్లింగ్‌లో మూడు వందల పైచిలుకు జతలు ఒకే వస్తువు కింద చేరిపోయాయి, కంపెనీ నుంచి ఫైలు మళ్లీ తెప్పించుకుని రెండు రాత్రులు కూర్చుంటే గానీ విడిపోలేదు. మీరు ఆ పొరపాటు చేయొద్దు. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేయకండి, ఎక్సెల్ తెరిచి డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని బార్‌కోడ్, సైజు, ఆర్టికల్ గడుల్ని టెక్స్ట్ అని చెప్పండి. గూగుల్ షీట్స్‌లో అయితే దిగుమతి చేసేటప్పుడు అంకెలుగా, తేదీలుగా మార్చమనే టిక్కు తీసేయండి. సున్నాతో మొదలయ్యే ఆర్టికల్ నంబర్లు ఉన్న బ్రాండుకి ఇది మరీ ముఖ్యం, ముందు సున్నా ఎగిరిపోతుంది.

బార్‌కోడ్ సరైనదో కాదో మీరే పరీక్షించుకోవచ్చు. ఎడమ నుంచి ఒకటో, మూడో, అయిదో, ఇలా బేసి స్థానాల్లోని అంకెల్ని అలాగే, రెండు, నాలుగు, ఆరు, ఇలా సరి స్థానాల్లోని వాటిని మూడుతో గుణించి, మొత్తం పదమూడూ కూడితే పదితో నిశ్శేషంగా భాగం పోవాలి. నా పాడైన 8901230000000కి కూడి చూడండి, 49 వస్తుంది, అంటే తప్పు నంబరు. షీట్‌లో ఇది ఒక్క సూత్రం, తప్పున్న గడి ఎర్రగా అయ్యేలా పెట్టేస్తే మళ్లీ చూసుకునే పని లేదు. ఇంకో మాట, బార్‌కోడ్ లేని సరుకుకి నెట్‌లో చవగ్గా దొరికే నంబర్లు కొని అంటించకండి. అవి ఇంకెవరి పేరు మీదో ఉంటాయి, సైటు వాళ్లు సరిచూసిన రోజు లిస్టింగ్ తీసేస్తారు. బార్‌కోడ్ లేదని చెప్పి మినహాయింపు అడిగే దారి సైట్లలోనే ఉంటుంది.

కంపెనీ పంపిన ఫైలు మీద నేరుగా ఎప్పుడూ పని చేయకండి. బ్రాండు పేరుతో ఒక ఫోల్డర్, అందులో వచ్చిన తేదీతో ఆ ఫైలు అలాగే ఉండాలి, మీరు ముట్టుకునేది దాని కాపీనే. పైన చెప్పిన రెండు రాత్రులూ నాకు మిగిలేవి, అసలు ఫైలు నా దగ్గర ఉండి ఉంటే.

రంగులకి ఎక్కువ చెప్పక్కర్లేదు. నేవీ, నావీ, నేవీ బ్లూ, ఎన్ బ్లూ అని నాలుగు కంపెనీలు నాలుగు రకాలుగా రాస్తాయి. రెండు గడులు పెట్టండి, ఒకదాంట్లో కంపెనీ రాసింది ఉన్నది ఉన్నట్టు, రెండోదాంట్లో మీరు ముందే రాసుకున్న ఇరవై రంగుల జాబితా నుంచి డ్రాప్‌డౌన్‌లో ఎంచుకున్నది. సైట్లో కొనేవాళ్లు నీలం అని వెతికితే దొరికేది రెండో గడి వల్లే. బ్రాండు పేర్లకీ డ్రాప్‌డౌనే, చేత్తో టైపు చేయనివ్వకండి.

మెటీరియల్ దగ్గర మాత్రం నిజాయితీగా ఉండాలి. పీయూ అనే ప్లాస్టిక్ షీటుతో చేసినదాన్ని లెదర్ అని రాస్తే రిటర్ను వస్తుంది సరే, జీఎస్టీ బిల్లులో సరుకు రకాన్ని చెప్పే హెచ్ఎస్ఎన్ కోడ్ కూడా తప్పవుతుంది. చెప్పుల్లో అప్పర్ దేంతో చేశారన్నదాన్ని బట్టే కోడ్ మారుతుంది: రబ్బరు, ప్లాస్టిక్ అప్పర్ అయితే 6402, లెదర్ అయితే 6403, గుడ్డ అయితే 6404. బ్యాగులు 4202. పిల్లల బట్టలు అల్లిక బనియన్ గుడ్డయితే 61వ అధ్యాయం, నేత గుడ్డయితే 62.

పన్ను శాతాన్ని ఆర్టికల్ షీట్‌లో రాసి పెట్టుకున్నవాళ్లందరూ 2025 సెప్టెంబర్ 22న ఇబ్బంది పడ్డారు. అంతకుముందు చెప్పులకి జతకి 1000 రూపాయల దాకా 12 శాతం, పైన 18. ఆ రోజు నుంచి 2500 దాకా 5 శాతం, ఆ పైన 18. రెడీమేడ్ బట్టలకీ ఒక్కో దానికి 2500 దగ్గరే గీత. అది ఎమ్మార్పీ మీద కాదు, తగ్గింపు పోగా మీరు అమ్మే విలువ మీద. మామూలు రోజుల్లో గీతకి పైన ఉండే బూటు సంక్రాంతి ఆఫర్లో గీత కిందకి దిగితే, ఆ నాలుగు రోజులూ పన్ను వేరు. అందుకని శాతాన్ని టైపు చేయకూడదు, అమ్మే ధర నుంచి షీటే లెక్క కట్టాలి. రేట్లకి వేరే చిన్న పట్టిక పెట్టి, ఏ తేదీ నుంచి ఏ రేటు అని రాసుకోండి, పాత బిల్లుల రిటర్నులు వచ్చినప్పుడు పాత రేటు కావాలి. మీ ఆడిటర్‌కి ఆ పట్టిక ఒకసారి చూపించండి.

డబ్బా మీద స్టిక్కరుంది చూశారా, దాన్ని ఫోన్‌తో స్పష్టంగా ఒక ఫొటో తీసి కోడ్ పేరుతో దాచండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశం, ఎన్ని, అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు, అన్నీ అందులోనే ఉంటాయి. 2011 లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం తయారైన నెల, సంవత్సరం తప్ప మిగతావి ఆన్‌లైన్ లిస్టింగ్‌లో కూడా కనిపించాలి. పాత లాటు, కొత్త లాటు డబ్బాల మీద ఎమ్మార్పీలు వేరుగా ఉంటే జత షీట్‌లో రెండు వరసలుగానే ఉంచండి, కలిపి ఎక్కువ రేటు పెట్టేస్తే డబ్బా మీద తక్కువ రేటు చూసినవాళ్లు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు. ఫొటోల పేర్లు కూడా కోడ్, దాని వెనక 1, 2, 3. మొదటి ఫొటో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద, పొడవు వైపు కనీసం 1000 పిక్సెళ్లు ఉంటే అమెజాన్‌లో జూమ్ పని చేస్తుంది. అడుగు సోల్ ఫొటో తప్పకుండా పెట్టండి, కొనేవాళ్లు దాన్ని చూస్తారు.

ఇప్పుడు మీ డబుల్ ఆర్డర్ల సంగతి. ఇంకో షీటు కావాలి, జోడింపు షీటు అందాం: ఒక వైపు మీ కోడ్, పక్కన కంపెనీ ఆర్టికల్, బార్‌కోడ్, ఒక్కో సైటులో దాని నంబరు. ఏ సైటు నుంచి ఆర్డరొచ్చినా ముందు మీ కోడ్‌లోకి మారాలి, స్టాకు అక్కడే తగ్గాలి, అక్కణ్నుంచే మిగతా సైట్లకి వెళ్లాలి. కౌంటర్లో అమ్మింది కూడా బిల్లింగ్‌లో అదే కోడ్‌తో పడాలి. చాలా షాపుల్లో తేడా వచ్చేది ఇక్కడే, సాయంత్రం రద్దీలో కుర్రాడు నేవీ 8 ఇచ్చి బిల్లు మీద నలుపు 8 కొడతాడు. కోడ్ స్టిక్కరు డబ్బా పక్కకి అంటించి స్కానర్‌తోనే బిల్లు వేయించండి. ఈ ఏర్పాటు కుదురుకునే దాకా చివరి జతని ఆన్‌లైన్‌లో చూపించకండి, రెండుంటే ఒకటి అని చూపించండి. ఒకటో రెండో అమ్మకాలు పోతాయి, నిజమే, కానీ క్యాన్సిల్ చేస్తే సైటులో మీ రేటింగ్ పడిపోయి పోయే అమ్మకాలు అంతకంటే ఎక్కువ. మూడు సాక్సుల ప్యాకు లాంటివి ఉంటే ప్యాకుకి వేరే కోడ్, అందులో ఏ కోడ్ ఎన్ని ఉన్నాయో పక్కన రాయండి, లేకపోతే ప్యాకు అమ్ముడైనా విడి సాక్సులు తగ్గవు.

సాఫ్ట్‌వేర్ ఎప్పుడు కొనాలి అంటే, ఇద్దరు ముగ్గురు ఒకేసారి అదే షీట్లో దిద్దుతూ ఒకరి పని ఒకరు చెరిపేసుకుంటున్నప్పుడు, లేదా మూడు సైట్ల స్టాకు చేత్తో మార్చడం రోజుకి గంట దాటినప్పుడు. మీరు చెప్పిన నాలుగు వేల జతల దాకా గూగుల్ షీట్స్ హాయిగా మోస్తుంది. తర్వాత ఈఆర్‌పీనెక్స్ట్ చూడండి, ఓపెన్ సోర్స్, ఒక వస్తువు కింద రంగులూ సైజులూ కట్టే ఏర్పాటు అందులో ఉంది. సైట్ల ఆర్డర్లూ స్టాకూ ఒకచోట కలపాలంటే యూనికామర్స్ లాంటివి ఉన్నాయి. ఏది అడిగినా మొదటి రోజు వాళ్లు మిమ్మల్ని అడిగేది వస్తువుల పట్టికే, అది శుభ్రంగా ఉంటే వారంలో ఎక్కుతుంది.

ఇంట్లో ఒప్పించడం కూడా ఒక పనే, మా బాబాయి ఆర్నెల్లు ఒప్పుకోలేదు, ఇంతకాలం నోటిలెక్కతో నడిచింది కదా అన్నారు. వాదించకండి. పద్నాలుగూ ఒకేసారి మొదలుపెట్టొద్దు, రిటర్నులు ఎక్కువొచ్చే ఒక్క బ్రాండు తీసుకోండి, దాని జతలన్నీ కింద పరిచి, కొలిచి, స్టిక్కర్లు వేసి, మూడు షీట్లూ జోడింపు షీటూ నింపండి. ఒక నెల దాన్ని అలాగే నడపండి, మిగతా పదమూడూ పాత పద్ధతిలోనే ఉండనివ్వండి. నెలాఖరుకి ఆ బ్రాండు రిటర్నులు, క్యాన్సిళ్లు పక్కన పెట్టి నాన్నగారికి చూపించండి. రెండో బ్రాండుగా పిల్లల బూట్లు తీసుకోండి, బడుల సీజన్ రాకముందే ఆ సైజుల పని అయిపోవాలి.